జీతగాళ్లు ఇన్‌కం ట్యాక్స్ రిటర్న్ సొంతంగా వేసుకోవడం ఎలా?

పోర్టల్‌లో ఫారం నింపడం పెద్ద పని కాదు. జీతం, బ్యాంకు వడ్డీ తప్ప వేరే ఆదాయం లేనివాళ్లకు అరగంటో ముప్పావుగంటో చాలు. అసలు పని అంతకుముందే ఉంటుంది. ఏడాది మొత్తంలో మన పాన్ మీద ఎక్కడెక్కడ ఎంత ఆదాయం నమోదైంది, ఎవరు ఎంత పన్ను కోశారు, అది ప్రభుత్వానికి చేరిందా అన్నవన్నీ ముందేసుకుని సరిచూసుకోవాలి. ఈ పని నిదానంగా చేసుకున్నవాళ్లకు రిటర్న్ అంటే టెన్షనే ఉండదు. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

ఇక్కడ చెప్పేదంతా 2025 ఏప్రిల్ 1 నుంచి 2026 మార్చి 31 వరకు వచ్చిన ఆదాయం గురించి. పోర్టల్‌లో దీన్ని అసెస్‌మెంట్ ఇయర్ 2026-27 అంటారు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం, 2025 అమల్లోకి వచ్చింది కదా అని కంగారు పడనక్కర్లేదు. ఆ తేదీ తర్వాత సంపాదించిన ఆదాయానికే అది వర్తిస్తుంది. ఇప్పుడు వేసే రిటర్న్‌కు పాత 1961 చట్టమే.

మీరు రిటర్న్ వేయాలా?

"నాకు పన్నే పడదు, రిటర్న్ ఎందుకు?" అని చాలామంది అడుగుతారు. పన్ను పడకపోవడం వేరు, రిటర్న్ వేయనక్కర్లేకపోవడం వేరు. పన్ను లెక్కకు పాత, కొత్త అని రెండు విధానాలున్నాయి (చట్టం మారడంతో దీనికి సంబంధం లేదు, తేడా కింద చెప్తాను). కొత్త విధానంలో మొత్తం ఆదాయం 4 లక్షలు దాటితే రిటర్న్ వేయాల్సిందే. 12 లక్షల వరకు పన్ను సున్నా అయ్యేది రిబేటు (లెక్క తేలిన పన్నులో ఇచ్చే మాఫీ) వల్ల, ఆ రిబేటు రిటర్న్‌లో లెక్క చూపిస్తేనే వస్తుంది. ఆదాయం 4 లక్షల లోపే ఉన్నా, ఏడాదిలో కరెంటు బిల్లులకు లక్ష దాటి కట్టినా, విదేశీ ప్రయాణానికి 2 లక్షలు దాటి ఖర్చుపెట్టినా, సేవింగ్స్ ఖాతాల్లో 50 లక్షలు, ఆపైన జమ అయినా, టీడీఎస్, అంటే డబ్బు ఇచ్చేవాళ్లే ముందుగా కోసే పన్ను, 25 వేలు (60 ఏళ్లు దాటినవాళ్లకు 50 వేలు), ఆపైన కోతపడినా రిటర్న్ తప్పనిసరి.

ఆడిట్ అవసరం లేని జీతగాళ్లకు గడువు జులై 31. 2025లో ప్రభుత్వం ఆ గడువును మొదట సెప్టెంబర్ 15కి, ఆఖరి నిమిషంలో ఇంకో రోజు పెంచి 16కి మార్చింది. ఈసారీ పెంచుతారులే అన్న ధీమా మాత్రం వద్దు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

ఆధార్‌తో లింకైన పాన్, ఆధార్‌కు జతైన ఫోన్ నంబరు, ఫారం 16 (జీతం, టీడీఎస్ వివరాలతో కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్), అన్ని బ్యాంకు ఖాతాల ఏడాది స్టేట్‌మెంట్లు, ఎఫ్‌డీ వడ్డీ సర్టిఫికెట్లు. షేర్లు, మ్యూచువల్ ఫండ్లు అమ్మితే బ్రోకర్ ఇచ్చే క్యాపిటల్ గెయిన్స్ స్టేట్‌మెంట్. పాత విధానంలోకి వెళ్లేవాళ్లకు అద్దె రసీదులు, ఎల్ఐసీ, హెల్త్ ఇన్సూరెన్స్ రసీదులు, హోమ్ లోన్ వడ్డీ సర్టిఫికెట్ కూడా కావాలి.

కంపెనీ జూన్ 15లోగా ఫారం 16 ఇవ్వాలి. అందుకే ఏప్రిల్‌లోనే తొందరపడి రిటర్న్ వేయొద్దని నా సలహా. జనవరి నుంచి మార్చి వరకు కోసిన టీడీఎస్ వివరాలను కంపెనీలు, బ్యాంకులు ఇచ్చే గడువే మే 31. అవి పోర్టల్‌లోకి ఎక్కకముందే రిటర్న్ వేస్తే లెక్కలు తేడా వస్తాయి. జూన్ మూడో వారం నుంచి జులై రెండో వారం వరకు సరైన సమయం.

సరిచూసుకోవడం

ఇన్‌కంట్యాక్స్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో పాన్ నంబరుతో లాగిన్ అవ్వండి. అక్కడి నుంచి రెండు పత్రాలు దించుకోవాలి. ఒకటి ఫారం 26ఏఎస్. ఈ-ఫైల్ మెనూలో ఇన్‌కం ట్యాక్స్ రిటర్న్స్ కింద ఉంటుంది. మన పేరున ఎవరు ఎంత టీడీఎస్ జమ చేశారో అందులో కనిపిస్తుంది. రెండోది ఏఐఎస్, అంటే వార్షిక సమాచార నివేదిక. జీతం, సేవింగ్స్ వడ్డీ, ఎఫ్‌డీ వడ్డీ, డివిడెండ్లు, షేర్ల అమ్మకాలు, స్థలం కొనుగోళ్లు, ఇలా డిపార్ట్‌మెంట్‌కు మన గురించి ఏమేం తెలుసో అంతా అందులో ఉంటుంది. దించుకున్న పీడీఎఫ్ తెరవడానికి పాస్‌వర్డ్ మన పాన్ చిన్న అక్షరాల్లో, దాని వెంటనే పుట్టిన తేదీ ఎనిమిది అంకెల్లో.

ఇప్పుడు ఫారం 16, 26ఏఎస్, ఏఐఎస్ మూడూ పక్కపక్కన పెట్టుకోండి.

ముందు టీడీఎస్. ఫారం 16 పార్ట్-ఏలో ఉన్న మొత్తం 26ఏఎస్‌లో రూపాయితో సహా కలవాలి. కలవకపోతే కంపెనీ అకౌంట్స్ వాళ్లను అడగండి. వాళ్లు టీడీఎస్ స్టేట్‌మెంట్ సవరిస్తేనే అది సరవుతుంది. 26ఏఎస్‌లో లేని టీడీఎస్‌ను మీరు రిటర్న్‌లో చూపించినా డిపార్ట్‌మెంట్ దగ్గర లెక్క కుదరదు, తిరిగి మీకే డిమాండ్ వస్తుంది.

తర్వాత వడ్డీ. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. "ఎఫ్‌డీ మీద బ్యాంకు 10 శాతం కోసేసింది, ఇంకేం కట్టాలి?" అనుకుంటారు. ఆ కోత అడ్వాన్సు లాంటిదే. మీరు 30 శాతం శ్లాబులో ఉంటే మిగిలిన 20 శాతం మీరే కట్టాలి. ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ 50 వేలు దాటకపోతే (60 ఏళ్లు దాటినవాళ్లకు లక్ష) అసలు కోతే ఉండదు, కానీ ఆ వడ్డీ ఆదాయమే. సేవింగ్స్ ఖాతా వడ్డీకి కోత ఉండదు, దాన్నీ చూపించాలి. భార్య పేరున మీ డబ్బుతో వేసిన ఎఫ్‌డీ వడ్డీ మీ ఆదాయంలోనే కలుస్తుంది. మైనర్ పిల్లల పేరున ఉన్న ఎఫ్‌డీ వడ్డీ తల్లిదండ్రుల్లో ఎవరి ఆదాయం ఎక్కువైతే వాళ్లకు కలుస్తుంది. పీపీఎఫ్, సుకన్య సమృద్ధి వడ్డీలకు పన్ను లేదు, వాటిని మినహాయింపు ఆదాయం కింద చూపిస్తే సరిపోతుంది.

ఏఐఎస్‌లో ఉన్నదంతా నిజమే అని ఒప్పేసుకోనక్కర్లేదు. ఉమ్మడి ఖాతా వడ్డీ పూర్తిగా మీ పేరునే కనిపించవచ్చు, ఒకే లావాదేవీ రెండుసార్లు పడవచ్చు. ఆ లైను మీద నొక్కితే ఫీడ్‌బ్యాక్ ఇచ్చే వీలుంది. అందులో కొంత తప్పుందనో, వేరే పాన్‌కు చెందిందనో, రెండుసార్లు వచ్చిందనో ఎంచుకోవచ్చు. ముందు ఆ ఫీడ్‌బ్యాక్ ఇచ్చి, తర్వాత రిటర్న్‌లో నిజమైన అంకె వేయండి. ఏఐఎస్‌లో లేని ఆదాయం ఉంటే దాన్నీ చేర్చాలి. అక్కడ కనిపించలేదు కాబట్టి చూపనక్కర్లేదన్న వాదన చెల్లదు.

ఏడాది మధ్యలో ఉద్యోగం మారినవాళ్లు ఇది తప్పకుండా చదవండి

హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో పనిచేసేవాళ్లకు ఇది మామూలు విషయం. ఒకరు మొదటి కంపెనీలో నెలకు 90 వేల జీతంతో ఐదు నెలలు చేశారనుకుందాం. ఏడాది లెక్కన జీతం 10 లక్షల 80 వేలు, 12 లక్షల లోపే కాబట్టి ఆ కంపెనీ రూపాయి కూడా కోయలేదు. తర్వాత రెండో కంపెనీలో నెలకు లక్షా 35 వేలతో ఏడు నెలలు. పాత జీతం వివరాలు ఇవ్వలేదు కాబట్టి వాళ్లు 9 లక్షల 45 వేలే లెక్కేశారు, వాళ్లూ ఏమీ కోయలేదు. బ్యాంకులో ఎఫ్‌డీ వడ్డీ 30 వేలు ఉంది, దానికీ కోత లేదు.

రెండు ఫారం 16లూ విడివిడిగా చూస్తే పన్ను సున్నా. కలిపితే జీతం 13 లక్షల 95 వేలు. ఇద్దరూ చెరొకసారి ఇచ్చిన 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ (జీతగాళ్లందరికీ రసీదులతో పనిలేకుండా జీతంలోంచి తగ్గించేది) నిజానికి ఒక్కసారే వస్తుంది. అది తీసేసి వడ్డీ కలిపితే పన్ను పడే ఆదాయం 13 లక్షల 50 వేలు. పన్ను 82,500, దానిమీద 4 శాతం సెస్ 3,300, మొత్తం 85,800 రూపాయలు. జులైలో కడితే అడ్వాన్సు ట్యాక్స్ కట్టనందుకు 234బీ కింద నాలుగు నెలల వడ్డీ మూడు వేల పైచిలుకు, దానికి తోడు అడ్వాన్సు ట్యాక్స్ వాయిదాలు తప్పినందుకు 234సీ వడ్డీ. జులై 30 రాత్రి ఈ అంకె తెరమీద చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. ఉద్యోగం మారగానే పాత జీతం వివరాలు కొత్త కంపెనీకి ఇచ్చేస్తే వాళ్లే నెలనెలా కోసుకుంటారు.

ఏ ఫారం?

జీతం లేదా పెన్షన్, ఇంటి ఆదాయం, బ్యాంకు వడ్డీ ఉండి, మొత్తం 50 లక్షలు దాటని నివాసితులకు ఐటీఆర్-1. లిస్టెడ్ షేర్లు, ఈక్విటీ ఫండ్ల మీద దీర్ఘకాలిక లాభం లక్షా 25 వేల లోపుంటే దాన్నీ ఇందులోనే చూపించవచ్చు. ఫ్లాటో స్థలమో అమ్మినా, షేర్ల మీద స్వల్పకాలిక లాభం వచ్చినా ఐటీఆర్-2. ఫ్యూచర్స్, ఆప్షన్స్ చేస్తే అది వ్యాపారం కింద లెక్క, ఐటీఆర్-3. చిన్న వ్యాపారులు, ప్రొఫెషనల్స్ అంచనా పద్ధతిలో వేసేది ఐటీఆర్-4.

మన దగ్గర చాలామంది పట్టించుకోని సంగతులు కొన్ని ఉన్నాయి. ఊళ్లో పొలం ఉండి ఏడాదికి 5 వేలకు మించి వ్యవసాయ ఆదాయం వస్తుంటే ఐటీఆర్-1 పనికిరాదు, ఐటీఆర్-2 వేయాలి. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేకపోయినా, మిగతా ఆదాయానికి రేటు తేల్చేటప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకుంటారు. అమెరికా కంపెనీల ఆర్ఎస్‌యూలు, ఈఎస్‌పీపీ షేర్లు (కంపెనీలు తమ ఉద్యోగులకు ఇచ్చేవి, తగ్గింపు ధరకు అమ్మేవి) ఉన్న ఉద్యోగులు కూడా ఐటీఆర్-2 వేసి, విదేశీ ఆస్తులు చూపే షెడ్యూల్ ఎఫ్ఏలో వాటి వివరాలివ్వాలి. అమ్మకపోయినా, లాభం రాకపోయినా సరే. ఆ షెడ్యూల్‌కు లెక్క క్యాలెండర్ సంవత్సరం, అంటే ఈసారి 2025 డిసెంబర్ 31తో ముగిసిన ఏడాది. డల్లాస్‌లోనో సిడ్నీలోనో ఉంటూ ఇక్కడ అద్దె, ఎన్ఆర్ఓ ఖాతా (ఎన్ఆర్ఐలు ఇక్కడి ఆదాయం వేసుకునే బ్యాంకు ఖాతా) వడ్డీ వచ్చే ఎన్ఆర్ఐలకూ ఐటీఆర్-1 లేదు. వాళ్లకు రిబేటు కూడా రాదు.

పాత విధానమా, కొత్తదా?

కొత్త విధానంలో 4 లక్షల వరకు పన్ను లేదు. అక్కడి నుంచి ప్రతి 4 లక్షలకూ 5, 10, 15, 20, 25 శాతం చొప్పున పెరుగుతూ 24 లక్షలు దాటితే 30 శాతం. పన్ను పడే ఆదాయం 12 లక్షల లోపుంటే రిబేటుతో పన్ను సున్నా. 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ కలిపితే జీతగాళ్లకు 12 లక్షల 75 వేలు. 12 లక్షలు కాస్త దాటినా భయం లేదు. పన్ను పడే ఆదాయం 12 లక్షల 10 వేలైతే సెస్ కాక పన్ను 10 వేలకు మించదు. కానీ ఈ రిబేటు షేర్ల లాభాలకు వర్తించదు. జీతం 9 లక్షలే ఉన్నా, షేర్లు ఏడాదిలోపు అమ్మి 50 వేలు లాభం తీస్తే దానిమీద 20 శాతం, సెస్‌తో కలిపి 10,400 కట్టాల్సిందే.

పాత విధానంలో 80సీ సెక్షన్ కింద ఎల్ఐసీ, పీపీఎఫ్ లాంటి పొదుపులకు లక్షన్నర, 80డీ కింద హెల్త్ ఇన్సూరెన్స్, హోమ్ లోన్ వడ్డీకి 2 లక్షల వరకు, హెచ్ఆర్ఏ (జీతంలో వచ్చే ఇంటి అద్దె అలవెన్సు), ఎన్‌పీఎస్ పెన్షన్ పథకానికి అదనంగా 50 వేలు, ఇలా మినహాయింపులు ఉంటాయి. తెలుగు రాష్ట్రాల్లో నెలకు 200 చొప్పున కోసే ప్రొఫెషనల్ ట్యాక్స్ కూడా ఈ విధానంలోనే తగ్గుతుంది.

జీతం 15 లక్షలున్న ఒకరి లెక్క చూద్దాం. కొత్త విధానంలో పన్ను సెస్‌తో కలిపి 97,500. అదే మనిషి పాత విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 50 వేలు, ప్రొఫెషనల్ ట్యాక్స్ 2,400, 80సీ లక్షన్నర, హెల్త్ ఇన్సూరెన్స్ 25 వేలు, హోమ్ లోన్ వడ్డీ 2 లక్షలు అన్నీ చూపించినా పన్ను 1,39,651. అంటే హోమ్ లోన్ ఉన్నా కొత్తదే మేలు. ఇప్పుడు ఆయన విజయవాడ సొంతింట్లో అమ్మానాన్నలు ఉండి, తను హైదరాబాద్‌లో నెలకు 22,500 అద్దె కడుతున్నారనుకోండి. బేసిక్ 7 లక్షలు, హెచ్ఆర్ఏ 2 లక్షల 80 వేలు. మూడు అంకెల్లో తక్కువది మినహాయింపు: వచ్చిన హెచ్ఆర్ఏ, బేసిక్‌లో 40 శాతం, కట్టిన అద్దెలోంచి బేసిక్‌లో పదో వంతు తీసేయగా మిగిలింది. చివరిది 2 లక్షలు, అదే తక్కువ. దాంతో పన్ను 90,501కి దిగుతుంది, పాతదే ఏడు వేలు లాభం. హెచ్ఆర్ఏ లెక్కలో 50 శాతం 2025-26 ఆదాయానికి ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నైలకే. హైదరాబాద్‌కు 40 శాతమే.

నా ఉద్దేశంలో అద్దె, హోమ్ లోన్ రెండూ లేని జీతగాళ్లకు పాత విధానం గురించి ఆలోచించడమే వృథా. కంపెనీకి ఏ విధానం చెప్పినా రిటర్న్‌లో మార్చుకోవచ్చు. కానీ పాతది కావాలంటే గడువులోపే వేయాలి. ఆలస్యమైతే కొత్తదే గతి.

పోర్టల్‌లో నింపడం

ఈ-ఫైల్, ఇన్‌కం ట్యాక్స్ రిటర్న్స్, ఫైల్ ఇన్‌కం ట్యాక్స్ రిటర్న్. అసెస్‌మెంట్ ఇయర్ 2026-27, ఆన్‌లైన్, ఇండివిడ్యువల్, తర్వాత ఫారం ఎంచుకోవాలి. ఐటీఆర్-1లో ఐదు భాగాలు వస్తాయి: వ్యక్తిగత వివరాలు, మొత్తం ఆదాయం, మినహాయింపులు, కట్టిన పన్ను, పన్ను బాధ్యత. చాలావరకు ముందే నింపి ఉంటుంది. అలాగని వరసగా కన్ఫర్మ్ నొక్కుకుంటూ పోవద్దు. మీరు సరిచూసుకున్న కాగితం పక్కన పెట్టుకుని ఒక్కో అంకె కలపండి.

వ్యక్తిగత వివరాల్లో ఒక ప్రశ్న దగ్గర ఆగి చదవాలి. కొత్త విధానం నుంచి బయటకు వెళ్తారా అని అడుగుతుంది. 'నో' అంటే కొత్త విధానంలోనే ఉంటారు, 'యెస్' అంటే పాతది. కొత్తది కావాలా అని అడుగుతుందనుకుని యెస్ కొడితే లెక్కంతా తలకిందులవుతుంది.

పాత విధానంలో ఇప్పుడు అంకె ఒక్కటే వేస్తే ఒప్పుకోదు. 80సీకి పాలసీ లేదా ఖాతా నంబరు, 80డీకి ఇన్సూరెన్స్ కంపెనీ పేరు, పాలసీ నంబరు, హోమ్ లోన్‌కు బ్యాంకు, లోన్ ఖాతా నంబరు, మంజూరు తేదీ అన్నీ అడుగుతుంది. అద్దె ఏడాదికి లక్ష దాటితే కంపెనీ దగ్గర హెచ్ఆర్ఏ చూపించడానికి ఓనర్ పాన్ కావాలి.

రీఫండ్ పడే బ్యాంకు ఖాతా ముందే వ్యాలిడేట్ అయి ఉండాలి. మనవాళ్లకు ఇక్కడ ఇంటిపేరుతో ఇబ్బంది వస్తుంది. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా, బ్యాంకులో పొడి అక్షరంతో ఉంటే పేరు కలవక వ్యాలిడేషన్ ఆగిపోవచ్చు. బ్యాంకులో కేవైసీ సరిచేయించుకోవడానికి సమయం పడుతుంది కాబట్టి ఇది జూన్‌లోనే చూసుకోండి.

కట్టాల్సింది ఉంటే, చివరగా వెరిఫికేషన్

బకాయి తేలితే రిటర్న్ సబ్మిట్ చేసేముందే ఈ-పే ట్యాక్స్‌లో కట్టేయండి. సెల్ఫ్ అసెస్‌మెంట్ ట్యాక్స్, అసెస్‌మెంట్ ఇయర్ 2026-27 అని ఎంచుకోవాలి. ఏడాది తప్పు ఎంచుకుంటే డబ్బు వేరే లెక్కలో పడి, దాన్ని సరిచేయించుకోవడం పెద్ద తలనొప్పి. చలాన్‌లోని బీఎస్ఆర్ కోడ్, తేదీ, చలాన్ నంబరు 'కట్టిన పన్ను' భాగంలో చేరాయో లేదో చూసి అప్పుడు ముందుకు వెళ్లండి.

ప్రివ్యూ పీడీఎఫ్ దించి ఒకసారి మొదటి నుంచి చివరిదాకా చదవండి. సబ్మిట్ చేశాక 30 రోజుల్లో వెరిఫై చేయాలి. ఆధార్ ఓటీపీతో అక్కడికక్కడే చేసేయడం సులువు. నెట్ బ్యాంకింగ్‌తోనూ చేయవచ్చు, లేదా ఐటీఆర్-వి (రిటర్న్ వేశాక వచ్చే రసీదు) మీద సంతకం పెట్టి, రిటర్న్‌లు ప్రాసెస్ చేసే బెంగళూరు సీపీసీకి పోస్టులో పంపవచ్చు. 30 రోజులు దాటాక వెరిఫై చేస్తే ఆ రోజే రిటర్న్ వేసినట్టు లెక్క.

జులై 31 దాటితే డిసెంబర్ 31 వరకు ఆలస్యపు రిటర్న్ వేయవచ్చు. ఫీజు 5 వేలు, ఆదాయం 5 లక్షల లోపుంటే వెయ్యి. బకాయి ఉంటే నెలకు ఒక శాతం వడ్డీ. షేర్లలో వచ్చిన నష్టాన్ని వచ్చే ఏళ్ల లాభాలతో సర్దుబాటు చేసుకునే అవకాశం కూడా పోతుంది.

రీఫండ్ ఇప్పిస్తామనేవాళ్లు

"కోసిన టీడీఎస్ మొత్తం వెనక్కి తెప్పిస్తాం, అందులో మాకింత ఇవ్వండి" అని వాట్సాప్‌లో మెసేజ్‌లు తిరుగుతుంటాయి. వాళ్లు చేసేది మీ పేరున లేని విరాళాలు, కట్టని అద్దె, లేని వైద్య ఖర్చులు చూపించడమే. డిపార్ట్‌మెంట్ 2025 జులై 14న ఇలాంటి దొంగ మినహాయింపుల మీద దేశవ్యాప్తంగా తనిఖీలు చేసింది. అంతకుముందు నాలుగు నెలల్లోనే దాదాపు 40 వేల మంది రిటర్న్‌లు సరిచేసుకుని, 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములు వదులుకున్నారని అప్పుడే ప్రకటించింది. కమీషన్ తీసుకున్నవాడు ఫోన్ నంబరు మార్చేస్తాడు, నోటీసు మాత్రం మీ పాన్ మీదే వస్తుంది. తప్పుడు వివరాలిచ్చినట్టు తేలితే ఎగ్గొట్టిన పన్నుకు రెండింతలు పెనాల్టీ, పన్ను, వడ్డీ అదనం. ఎవరితోనైనా వేయించుకున్నా సబ్మిట్ చేసేముందు ప్రివ్యూ అడిగి తీసుకుని చదవండి. రిటర్న్‌లో మీ ఈమెయిల్, మీ ఫోన్ నంబరే ఉండాలి, వాళ్లవి కాదు.

వేసిన తర్వాత

రిటర్న్ ప్రాసెస్ అయ్యాక 143(1) ఇంటిమేషన్ మెయిల్‌కు వస్తుంది. పీడీఎఫ్ పాస్‌వర్డ్ పైన చెప్పినట్టే పాన్, పుట్టిన తేదీ. అందులో మీరు చూపిన అంకెలు ఒక వరసలో, డిపార్ట్‌మెంట్ వేసిన అంకెలు పక్క వరసలో ఉంటాయి. రెండూ కలిస్తే పని అయిపోయినట్టే. తేడా ఉంటే ఏ వరసలో ఉందో చూడండి. తప్పు వాళ్లదైతే పోర్టల్‌లోనే రెక్టిఫికేషన్ అడగవచ్చు, మీదైతే రివైజ్డ్ రిటర్న్ వేయాలి. 139(9) కింద రిటర్న్ లోపభూయిష్టం అని వస్తే సాధారణంగా 15 రోజుల్లో సరిచేయాలి. ఏళ్ల తర్వాత చూపించని ఆదాయం గుర్తొస్తే, అసెస్‌మెంట్ ఇయర్ ముగిశాక 48 నెలల వరకు అప్‌డేటెడ్ రిటర్న్ ఉంది. మొదటి ఏడాదిలో వేస్తే కట్టాల్సిన పన్ను, వడ్డీల మీద అదనంగా 25 శాతం, ఆలస్యం అయ్యేకొద్దీ 70 శాతం వరకు కట్టాలి. రీఫండ్ పెంచుకోవడానికి మాత్రం అది పనికిరాదు.

రీఫండ్ వచ్చిందంటూ లింకు పంపి ఓటీపీ, కార్డు నంబరు అడిగే ఎస్ఎంఎస్‌లు ఆగస్టు, సెప్టెంబర్‌లలో జోరుగా వస్తాయి. ఆ లింకు తెరవకండి. రీఫండ్ ఎక్కడిదాకా వచ్చిందో పోర్టల్‌లో లాగిన్ అయితే, ఈ-ఫైల్ కింద వ్యూ ఫైల్డ్ రిటర్న్స్‌లో కనిపిస్తుంది.